చెల్లని కాసులు

మా లిఫ్టుకి ఆకలెక్కువ.
పది తెత్రీల బిళ్ళ నోట్లో పడితే గాని కదలదు.
రెండో అంతస్తుకైనా పదే, తొమ్మిదో అంతస్తుకైనా పదే.
దిగడం మాత్రం ఉచితం.
కుతాయిసి స్టేషన్ వెనక, ఈ బూడిదరంగు మేడలో
ముప్ఫైనాలుగు ఇళ్ళవాళ్ళూ
పోట్లాడుకోకుండా ఒప్పుకున్న చట్టం ఇదొక్కటే.

పెట్టె తాళంచెవి నా దగ్గరుంటుంది.
ట్రాలీబస్సులో ఇరవయ్యేళ్ళు టికెట్లు కోసినదాన్ని,
"ఎతేరీకి చిల్లర భాష వచ్చు" అన్నారు,
కాదనలేకపోయాను.

శనివారం సాయంత్రం
వంటింటి బల్ల మీద పెట్టెను బోర్లిస్తాను.
బల్లకి ఒక కాలు పొట్టి.
నాణేలు కిటికీ వైపు దొర్లుతాయి,
అరచెయ్యి అడ్డం పెట్టి లెక్కపెడతాను.
చేపల వాసనవి మూడో అంతస్తు నానూలీవి.
ఒక తుర్కీ కురుష్ దొరికిందంటే
తేయాకు కోతలకి సరిహద్దు దాటిన దారేజాన్
ఇల్లు చేరిందన్నమాట.
ఎవరూ చెప్పకుండానే నాకు తెలుస్తుంది,
ఎవరికి జీతాలొచ్చాయో, ఎవరింటికి చుట్టాలొచ్చారో.

ఇక వాషర్లు.
వారానికి ఆరో ఏడో, ఇనపవి, నడుమ చిల్లు.
ఆ చిల్లుకి కన్ను ఆనిస్తే
తిన్నగా ఎనిమిదో అంతస్తు కనిపిస్తుంది:
ముర్మాన్. నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిట్టరు.
ఇప్పుడు పింఛను, రెండు పాడు మోకాళ్ళు.
పొద్దున్న ఆరింటికి పంపులో గాలి బుసకొడితే
ఇప్పటికీ ఊరంతా అతన్నే తిడుతుంది, అలవాటుగా.

నేనూ తిట్టుకున్నాను.
ఒక్కో వాషరుకీ నా పర్సులోంచి ఒక్కో బిళ్ళ వేసి
లెక్క సరిచేసి
వాషర్లని జామ్ సీసాలో పడేశాను.
పుణ్యం కోసం కాదు.
తప్పు లెక్క చూస్తే నాకు నిద్ర పట్టదు.

ఒకసారి ఓపిక చచ్చి
లిఫ్టు తలుపు మీద కాగితం అంటించాను:
"చెల్లని కాసులు వేసేవాళ్ళు సిగ్గుపడాలి."
ఆ వారం ఒక్క వాషరూ పడలేదు.
పడలేదు గానీ, నాలుగో అంతస్తులో నా తలుపు ముందు
రోజూ ఒక ఆయాసం ఆగేది.
రొట్టె సంచీ నేల మీద పెట్టిన చప్పుడు,
మళ్ళీ ఎత్తుకున్న చప్పుడు.
ఇంకా నాలుగు అంతస్తులు.
గురువారం రాత్రి చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళి
ఆ కాగితం చింపేశాను.
పై శనివారం, ఏడు వాషర్లు.
అంత సంతోషంగా నేనెప్పుడూ మోసపోలేదు.

ఫిబ్రవరిలో పోయాడు.
మా లిఫ్టులో ముగ్గురు నిలబడొచ్చు,
ఒక్కరు పడుకోలేరు.
శవపేటిక మెట్ల మీదుగానే దిగింది,
ప్రతి మలుపులో నిలబెట్టి, వంచి, గోడకి గీసుకుంటూ.
ఐదో అంతస్తు దగ్గర ఓతియా చేతులు వణికితే
గ్యాసు మీటర్లు చూసే కుర్రాడు
పుస్తకం చంకలో ఇరికించుకుని
ఎవరని అడక్కుండా భుజం పట్టాడు.
కింద లిఫ్టు నోరు తెరిచి ఊరికే నిలబడి ఉంది.

వేసవికల్లా కొత్త లిఫ్టు వస్తుందట.
నగరపాలక సంస్థ ఉత్తరం రాసింది,
కార్డు చూపిస్తే చాలట, పెట్టె ఉండదట.
దారేజాన్ కురుష్ ఇక ఏ నోట్లో వేస్తుందో.

చివరి లెక్క నిన్న రాత్రి.
పద్దెనిమిది లారీల నలభై తెత్రీలు.
చెల్లనివి: ఏమీ లేవు, అని రాయబోయి
కలం ఎత్తి పట్టుకుని కాసేపు కూర్చున్నాను.
తర్వాత సీసా దించి
మూడు వాషర్లు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి
బల్ల పొట్టికాలి కింద తోశాను.

నాణేలు ఎటూ దొర్లలేదు.
అరచెయ్యి మాత్రం
కిటికీ వైపు అడ్డంగా అలాగే ఉండిపోయింది.